మునిగీ మునగని బెండు

(గాలం వేసే అలవాటున్నవాళ్లు, చేతిపనులంటే ఇష్టమున్న కాలేజీ పిల్లలు కలిసి శ్రీకాకుళంలో ఏర్పాటు చేసుకున్న ఒక సాయంకాలపు కూటమిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. బల్ల మీదున్న సామానంతా చిన్నచిన్నవే, అంత దూరానికి కనపడవు. ఆ బకెట్టు కూడా పాఠంలోదే. ఎవరూ చేతులు కడిగెయ్యకండి.

బల్ల మీద ఏమున్నాయో ముందు చెప్పేస్తాను. ఎండిన జీలుగు కాడలు, రెల్లు పూల కాడల కట్ట, బాతు ఈకలు, రాలిపడిన నెమలి ఈకలు, చీపురు పుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్క, కుట్టుమిషను దారం, సీసం గుళ్లు, అరిగిపోయిన హవాయి చెప్పు. చెప్పు చూసి నవ్వుతున్నారు. నవ్వండి, దాని వంతు వచ్చినప్పుడు నవ్వరు.

దుకాణంలో బెండు, అంటే గాలం నూలుకి కట్టి నీటిపైన తేలించే ముక్క, కొనేటప్పుడు మనవాళ్లు అడిగే మొదటి మాట, "ఇది బాగా తేలుతుందా?" అని. ఎండు కొబ్బరి డొక్క కూడా బాగానే తేలుతుంది. గాలానికి కట్టే బెండు పని అది కాదండి. నీళ్ల అడుగున చేప ఎరని నోట్లోకి తీసుకుని, ముల్లు తగిలి ఉమ్మేసే లోపల, ఆ సంగతి ఒడ్డున కూర్చున్న మనిషికి తెలియాలి. ఆ వ్యవధి ఎంతో ఉండదు. బాగా తేలే బెండు ఈ కబురుని మింగేస్తుంది. అందుకని చేతిపని తెలిసినవాడు బెండుని మునగడానికి సిద్ధంగా చేస్తాడు. ఇంకో రవ్వ బరువు పడితే మునిగిపోవాలి, ఆ రవ్వ పడేదాకా నిలబడాలి. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ రవ్వ గురించే.

కొంచెం లెక్క చేద్దాం. టెన్షన్ పడకండి, హైస్కూలు లెక్కే. నీళ్లలో మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకి తోస్తుందో, అంత నీటి బరువుతో నీరు దాన్ని పైకి తోస్తుంది. ఆర్కిమిడీస్ చెప్పిన మాట, పదో తరగతి దాటినవాళ్లందరికీ వచ్చు. ఇప్పుడు బెండు కొన నీటిపైన కనపడుతూ నిలబడి ఉందనుకోండి. ఆ కొన మందం 3 మిల్లీమీటర్లు. దాన్ని ఒక సెంటీమీటరు కిందికి దించాలంటే చేప ఎంత లాగాలి? అంత మందం, అంత పొడవు ఉన్న ముక్క ఘనపరిమాణం 0.07 ఘన సెంటీమీటర్లు. అంటే 0.07 గ్రాముల లాగుడు చాలు. మన పిల్లలు థర్మాకోల్ ముక్కకి దారం చుట్టి వాగుల్లో, గెడ్డల్లో వేస్తుంటారు కదా, దాని మందం తక్కువలో తక్కువ ఒక సెంటీమీటరు ఉంటుంది. దాన్ని అదే సెంటీమీటరు దించడానికి దాదాపు 0.8 గ్రాములు కావాలి. పదకొండు రెట్లు! పరిగె పిల్ల వచ్చి ఎర కొరికితే సన్న కొన చటుక్కున దిగుతుంది. లావు ముక్కకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మీరు ఒడ్డున కూర్చుని "ఇవాళ చేపలు లేవు" అనుకుంటారు. చేపలు వచ్చి, తిని, వెళ్లిపోయి ఉంటాయి.

అలాగని బెండంతా సన్నగా చేస్తే కుదరదు. ఎర కిందికి దిగాలి, గాలం గాలికి కొట్టుకుపోకుండా అనుకున్న చోట పడాలి. దానికి సీసం కావాలి, సీసాన్ని మొయ్యడానికి పొట్ట కావాలి. కాబట్టి బెండులో రెండు భాగాలుంటాయి. పొట్ట బరువు మోస్తుంది, నీళ్ల కిందే ఉంటుంది. కొన కబురు చెబుతుంది, నీళ్ల పైన ఉంటుంది. సీసం ఎంత వెయ్యాలంటే పొట్ట పూర్తిగా మునిగి, కొన కొద్దిగా మాత్రం మిగలాలి. కంసాలి త్రాసులో ముల్లు సరిగ్గా మధ్యకి వచ్చి ఆగినట్టు ఆగాలి.

ఇక్కడొక తమాషా ఉంది. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గరో, నాగావళి కలిసే కళ్లేపల్లి దగ్గరో మీలో కొందరు గాలం వేసే ఉంటారు. ఏట్లో చక్కగా అమర్చిన బెండు, పోటు ఎక్కి ఉప్పునీరు వచ్చేసరికి పైకి లేస్తుంది. చాలామంది అడుగు తగిలిందనుకుంటారు. అడుగు కాదు, ఉప్పు. మంచినీటి కంటే సముద్రపు నీరు సుమారు 2.5 శాతం బరువు. బెండు, సీసం అన్నీ కలిపి 4 ఘన సెంటీమీటర్ల నీటిని తోసేవి అనుకుంటే, ఉప్పునీటిలో 3.9 తోస్తే సరిపోతుంది. మిగిలిన 0.1 ఆ సన్న కొనలోంచి బయటికి రావాలి. 3 మిల్లీమీటర్ల కొన అయితే దాదాపు 1.4 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. నీళ్లు రుచి చూడక్కర్లేదు, పోటు ఎక్కిందని బెండే చెబుతుంది. మొగల దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, గాలం వేసేవాళ్లు జేబులో రెండు చిన్న గుళ్లు ఎక్కువ ఉంచుకోవడం ఇందుకే.

ఆకారం సంగతి త్వరగా చెప్పేస్తాను. నిలవ నీరు, అంటే చెరువులు, బందలు, కాలవ మడుగులు. అక్కడ గాలి ఇబ్బంది. నూలు నీటిపైన తేలితే గాలికి విల్లులా వంగి బెండుని ఈడ్చుకుపోతుంది. అందుకని బెండు అడుగున ఒక్కచోటే నూలు కట్టి, కర్ర కొన నీళ్లలో ముంచి, నూలుని నీటి కిందికి దించెయ్యాలి. పారే నీరు వేరు. నాగావళి పారుతున్నప్పుడు అడుగున మాత్రమే కట్టిన బెండుని ప్రవాహం పడుకోబెట్టేస్తుంది. అక్కడ పైనా కిందా రెండుచోట్ల కట్టాలి, పొట్ట లావు పైభాగంలో ఉండాలి. నిలవ నీటి బెండుకి పొట్ట కిందికి ఉంటే మంచిది. దుకాణం బెండ్లలో నాకు నచ్చనిది ఇదే. ఒకే అచ్చులో పోసిన బెండు చెరువుకీ అదే, ఏటికీ అదే, మొగకీ అదే. రంగులు మాత్రం అదిరిపోతాయి. ఆ రంగులు చూసి పడేది చేప కాదు, మనమే!

సరే, ఇప్పుడు సామాను.

జీలుగుతో మొదలుపెడతాను, ఎందుకంటే అది మన నేల మీద దొరికే అన్నిటికన్నా గొప్ప సామాను. పొలంలో పచ్చిరొట్ట కోసం చల్లే జీలుగ వేరు. ఏజెన్సీలో కల్లు తీసే జీలుగు చెట్టు ఇంకా వేరు. నేను చెప్పేది నీళ్లు నిలిచే పల్లాల్లో, చెరువుల అంచుల్లో వానలకి పెరిగే మొక్క. బయట సన్నటి గోధుమరంగు తోలు, లోపలంతా తెల్లటి బెండు. పెళ్లిలో నుదుటికి కట్టే బాసికాలు, దేవుడి కల్యాణానికి చేసే తెల్లపువ్వులు దీనితోనే చేసేవాళ్లు. తెల్లదొరలు ఎండకి పెట్టుకునే గుండ్రటి టోపీలు కూడా ఈ బెండువే. ఇదిగో, ఒకసారి చేతిలోకి తీసుకోండి. పట్టుకున్నట్టే అనిపించదు. బెండ్లు చేసేవాళ్లు ప్రపంచమంతా మెచ్చుకునే బాల్సా కర్ర దక్షిణ అమెరికా నుంచి వస్తుంది. జీలుగు దానికంటే తేలిక.

పల్లం ఉంటేనే జీలుగు ఉంటుంది. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి పల్లాన్ని థర్మల్ ప్లాంటుకి ఇవ్వొద్దని 2010లో జనం పోరాడారు, జూలై 14న జరిగిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అప్పుడు చాలామంది పై ఊళ్లవాళ్లు "ఆ ఊబిలో ఏముందని అంత గొడవ?" అన్నారు. చేప ఉంది, పశువుల మేత ఉంది, కింది పొలాలకి నీళ్లున్నాయి. నా వంటివాడైతే బెండుకి కాడ కూడా ఉందంటాడు. పల్లాలన్నీ పూడ్చి ప్లాట్లు వేశాక జీలుగు కోసం వెతుక్కుంటే ఏం దొరుకుతుంది?

వానలు తగ్గి నీరు తీస్తున్నప్పుడు కాడ కొయ్యాలి. బొటనవేలంత లావున్నది చాలు. కోసిన కాడని నీడలో నిలబెట్టి నెమ్మదిగా ఆరనివ్వాలి, మండుటెండలో పడేస్తే చీలుతుంది. ఆరాక జానెడు ముక్కలు చేసుకుని, బాగా పదునున్న సన్నకత్తితో తోలు తియ్యాలి. కత్తిని నొక్కితే బెండు అణిగిపోతుంది, అణిగినచోట మళ్లీ లేవదు. నొక్కకుండా లాగుతూ కొయ్యాలి. కత్తి పదును మీద అనుమానం వచ్చిందంటే పని ఆపి నూరుకోవడమే. షేవింగ్ బ్లేడు బాగా పనిచేస్తుంది, కాకపోతే వేళ్లు జాగ్రత్త.

ఇప్పుడు చీపురు పుల్ల. కొబ్బరితోటల ఉద్దానం పక్క పుట్టినవాళ్లకి దీని గురించి నేను చెప్పాలా? కొబ్బరి ఈనె మొదట్లో లావుగా, చివర సన్నగా, నిటారుగా ఉంటుంది, తొందరగా విరగదు. జీలుగు ముక్క మధ్యలో ముందు సూదితో దారి చేసుకుని, ఈనెని మెల్లగా తిప్పుతూ దూర్చాలి. ఈనె సన్నటి కొస పైకి రావాలి, అదే కబురు చెప్పే కొన అవుతుంది. లావు మొదలు కిందికి, నూలు కట్టడానికి. రెండూ కలిసేచోట జిగురు పెట్టాలి. తుమ్మజిగురు పనికిరాదు, నీళ్లలో కరుగుతుంది. చెక్కపనికి వాడే తెల్లజిగురు కూడా నానితే వదిలేస్తుంది. అరల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు కలిపి, అగ్గిపుల్లతో ఒక చుక్క పెట్టండి చాలు.

జిగురు గట్టిపడ్డాక ఈనెని రెండు వేళ్ల మధ్య తిప్పుతూ, పొట్టని సాండ్ పేపరుతో రుద్దాలి. మొదట గరుకుది, తరవాత మెత్తది. మన ఏటికొప్పాకలో లక్కబొమ్మలు తిప్పే పట్టె ఉంటే పని సులువే, కానీ జీలుగుకి అంత అవసరం లేదు, వేళ్లే పట్టె. తిప్పుతూ ఉంటే ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. ఇక్కడ తొందరపడేవాళ్లకి బెండు ఒక పక్కకి ఒరుగుతుంది. నీళ్లలో వేసి చూస్తే పడవలా వాలి నిలబడుతుంది. మళ్లీ తీసి రుద్దడమే.

రెల్లు కాడ ఇంకా సులువు. దసరా వేళకి నాగావళి ఇసకతిప్పల మీద రెల్లు పూస్తుంది కదా, ఆ పూలు మోసే కాడ ముదిరి ఆరాక కొయ్యండి. నునుపైన పైతోలు, లోపల మెత్తటి దూది లాంటిది. చెక్కే పనే లేదు, కావలసిన పొడవుకి కోసుకుంటే బెండు తయారు. దాని బలహీనత రెండు చివర్లలో ఉంది. కోసినచోట నుంచి నీరు లోపలికి పీల్చుకుంటుంది. ఉదయం నిలబడిన బెండు మధ్యాహ్నానికి మునిగిపోతుంది. కాబట్టి కొయ్యగానే రెండు చివరలూ జిగురుతో మూసెయ్యాలి.

ఈకల దగ్గరకి వద్దాం. ఇంగ్లండులో, జపానులో చేతితో బెండ్లు చేసేవాళ్లు నెమలి ఈకంటే ప్రాణం పెడతారు. జపానులో హెరాబునా అనే చేప పట్టడానికి నెమలి ఈక కాడతోనూ, కయా అనే గడ్డి కాడతోనూ చేసే బెండ్లు ఒక పెద్ద కళ. పూర్వం ఇంగ్లండులో కాకి ఈక, బాతు ఈక, హంస ఈక, ముళ్లపంది ముల్లు, అన్నీ వాడారు. నెమలి పింఛం ఈకకి పొడుగాటి కాడ, లోపల తేలికైన బెండు, పైన గట్టి పొర ఉంటాయి. అంచు కుచ్చులు బ్లేడుతో గీకేసి, కాడ మాత్రం ఉంచుకుంటారు.

మనకి ఇక్కడ చట్టం ఉంది, పిల్లలు శ్రద్ధగా వినండి. నెమలి మన జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. మగనెమలి ఏటా వానాకాలం చివర పింఛం ఈకలు తనంతట తానే రాల్చుకుంటుంది. అలా రాలినవాటికి దేశం లోపల చట్టం వెసులుబాటు ఇచ్చింది, విదేశాలకి పంపడం మాత్రం నిషేధం. ఈక కోసం పక్షి జోలికి వెళితే జైలే. ముళ్లపందిని వేటాడటమూ నేరమే. తేలినీలాపురంలో గూడబాతులూ కొంగలూ వచ్చి గూళ్లు కట్టే చోట చెట్ల కింద ఈకలు కనపడతాయి. అవి ఏరకండి, అవీ రక్షణలో ఉన్న పక్షులే. మీకు ఈకే కావాలంటే ఊళ్లో బాతులు పెంచేవాళ్లని అడగండి, సంచి నింపి ఇస్తారు. బాతు ఈక బెండు నెమలి ఈక బెండుకి ఏమీ తీసిపోదు. పొట్టిగా ఉంటుంది, అంతే. పరిగెలకి, గొరకలకి అదే మేలు.

ఈక బెండుకి అడుగున నూలు పట్టుకునే కొక్కెం కావాలి. సన్న తీగ మెలిపెట్టి, ఈక మొదటికి ఆనించి, కుట్టుమిషను దారంతో పక్కపక్కనే చుట్టాలి. చుట్ల మధ్య సందు ఉండకూడదు. చివరి నాలుగైదు చుట్లు వేసే ముందు వేరే దారాన్ని మడతపెట్టి చుట్ల కింద ఉంచుకోవాలి. ఆఖరి కొసని ఆ మడతలో దూర్చి లాగేస్తే ముడి లేకుండా లోపలికి వెళ్లిపోతుంది. ముడి ఉంటే అక్కడ నూలు తగులుకుంటుంది, నాచు పట్టుకుంటుంది. పైన నూలు పట్టడానికి సైకిల్ వాల్వ్ ట్యూబు చిన్న ముక్క కోసి తొడగండి. దాన్ని పైకీ కిందికీ జరుపుకోవచ్చు, లోతు మార్చుకోవచ్చు. ఇంతకంటే మంచి ఉపాయం ఏ కంపెనీవాడూ కనిపెట్టలేదని నా అభిప్రాయం.

నీరు పీల్చకుండా పూత పెట్టాలి. మనవాళ్లు పడవల సందులు పూడ్చడానికి గుగ్గిలం నూనెలో కాచి వాడేవాళ్లు. అదే పలచగా బెండుకీ పనికొస్తుంది. పలాస పక్కవాళ్లకి ఇంకో దారి ఉంది. జీడిపిక్కల పెంకు నుంచి వచ్చే నూనె. పడవలకీ వలలకీ పూసింది అదే. ఆరితే నల్లగా, గట్టిగా అతుక్కుపోతుంది, నీరు దూరదు, పురుగు పట్టదు. కానీ పచ్చి నూనె చర్మం మీద పడిందంటే బొబ్బలు లేస్తాయి. పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకి నూనె, బూడిద రాసుకునేది అందుకే. పిల్లల చేతికి ఆ నూనె ఇవ్వకండి. వాళ్లకి మామూలు వార్నిష్ చాలు. పలచటి పూత వేసి, ఆరాక మెత్తగా రుద్ది, మళ్లీ ఒకటి. ఒకేసారి దట్టంగా వేస్తే ఆ బరువే సగం మోసే శక్తిని తినేస్తుంది.

రంగు కొనకి మాత్రమే కావాలి. పొట్ట కింద ముదురు రంగు, బూడిదరంగో ఆకుపచ్చో, ఏదైనా సరే. కొనకి ఎరుపా, పసుపా, నలుపా అని అందరూ అడుగుతారు. మీరు చూసే నీటిని బట్టి ఉంటుంది. చెట్లనీడ పడి నీరు నల్లగా కనపడుతుంటే నారింజరంగు, పసుపు మెరుస్తాయి. ఆకాశం ప్రతిబింబించి నీరంతా వెండిలా ఉంటే ఆ రంగులు మాసిపోతాయి, అప్పుడు నలుపే స్పష్టం. ఒకే కొన మీద ఒక పట్టీ నలుపు, ఒక పట్టీ నారింజ వేసుకున్నా సరే. మెరిసే రంగు వేసేముందు తెల్లరంగు పూత వేస్తేనే దాని మెరుపు బయటికి వస్తుంది. అమ్మాయిలు గోళ్లరంగు అడుగుతున్నారు. భేషుగ్గా వెయ్యండి, జీలుగుకీ ఈకకీ బాగా పడుతుంది. థర్మాకోల్ మీద వెయ్యకండి, కరిగి గుంటలు పడుతుంది.

సీసం గురించి ఒక మాట. చిన్న గుళ్లని పళ్లతో కొరికి నూలుకి నొక్కే అలవాటు మనలో ఉంది. ఇవాళ్టితో మానెయ్యండి, సీసం విషం. బ్రిటన్‌లో 1987 నుంచి గాలానికి వాడే చిన్న సీసం గుళ్లని నిషేధించారు. హంసలు గులకరాళ్లనుకుని వాటిని మింగి చనిపోతుండేవి. మన చెరువుల్లోనూ బాతులు, కొంగలు అడుగు బురదలో తింటున్నాయి కదా. సీసం లేకపోతే ఎలా అంటారేమో. ఇనప నట్టు వెయ్యండి. నీళ్లలో 10 గ్రాముల సీసం 9.1 గ్రాముల పని చేస్తుంది, 10 గ్రాముల ఇనుము 8.7 గ్రాముల పని చేస్తుంది. తేడా ఎంతో లేదు. కాల్చిన మట్టిగుండు అయితే దాదాపు సగం పోతుంది, అందుకని అది పెద్దదిగా ఉండాలి. వలలకి మట్టిగుళ్లు కట్టిన పెద్దలు ఆ లెక్క కాగితం లేకుండానే వేసుకున్నారు.

వలల మాట వచ్చింది కాబట్టి సముద్రం వైపు ఒకసారి వెళ్లొద్దాం. బారువ నుంచి బుడగట్లపాలెం దాకా, ఆపైన విజయనగరం జిల్లాలో కోనాడ, చింతపల్లి, ముక్కాం దాకా ఒడ్డున ఆరేసిన వల చూడండి. పైతాడుకి బెండ్లు, కింది తాడుకి బరువులు. గాలం బెండు ఒక్కటే ఒక్క చేప కబురు చెబుతుంది. వల బెండ్లన్నీ కలిసి ఒక గోడని నిలబెడతాయి. కవళ్లు, కానాగంతలు పైపైన తిరుగుతాయి, వాటికి వేసే వలకి బెండ్ల బలం బరువుని మించాలి. అడుగున వేసే వలకి బరువు మించాలి, బెండు వలని నిటారుగా ఉంచితే చాలు. ఒడ్డు నుంచి ఊరంతా కలిసి లాగే అలివి వలకి ఇంకో లెక్క. పూర్వం బెండ్లకి బూరుగు లాంటి తేలిక కర్ర, తాటిమట్ట, ఎండిన ఆనపకాయ బుర్ర వాడారు. ఆనపకాయని పాదు మీదే ముదరనిచ్చి, గింజలు గలగలమనే దాకా ఎండబెట్టి, తాళ్ల ఉట్టిలో బిగించి వలకి కట్టేవాళ్లు. పిల్లలు ఈత నేర్చుకున్నదీ ఆ బుర్రలతోనే.

లోతుకి వెళితే ఇవేవీ నిలవవు. పది మీటర్ల లోతుకి ఒత్తిడి రెట్టింపవుతుంది, నలభై మీటర్లకి అయిదు రెట్లు. బుర్ర పగులుతుంది, కర్ర నీరు తాగుతుంది, థర్మాకోల్ అణిగిపోతుంది. గట్టి ప్లాస్టిక్ బెండ్లు అక్కడ గెలిచాయి, వాటిని తిట్టడంలో అర్థం లేదు. ఒకప్పుడు నార్వేలో, తరవాత జపానులో బోలు గాజుగోళాలు ఊది వలలకి కట్టింది కూడా ఈ అవసరానికే.

ఇప్పుడు చెప్పు. హవాయి చెప్పు అరిగాక మనం పారేస్తాం. ఒడ్డున దాన్ని గుండ్రటి బిళ్లలుగా కోసి, కాల్చిన ఊచతో మధ్యలో కన్నం పెట్టి, వల పైతాడుకి గుచ్చుతారు. దాని లోపల సన్నటి గాలిబుడగలు విడివిడిగా మూసుకుని ఉంటాయి కాబట్టి ఒకచోట చీలినా మొత్తం నీరు తాగదు. ఎండకి, ఉప్పుకి ఏళ్లతరబడి ఆగుతుంది, ఖర్చు లేదు. మనం పాత పద్ధతులు, సంప్రదాయం అని మాట్లాడుకుంటాం, ప్రదర్శనల్లో ఆనపబుర్ర పెట్టి ఫొటోలు తీస్తాం. చెప్పుబిళ్లని ఎవరూ పెట్టరు. నా దృష్టిలో ఆ బుర్ర కట్టినవాడి తెలివి, ఈ బిళ్ల కోసినవాడి తెలివి ఒకటే. చేతికి అందినదాన్ని చూసి దానిలో బెండుని పట్టుకోవడం. థర్మాకోల్‌తో మాత్రం నాకు పేచీ ఉంది. అది పూసలు పూసలుగా రాలి ఒడ్డంతా పరుచుకుంటుంది. ఆ ఒడ్డుకే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 2022 జూలై 1 నుంచి అలంకరణకి వాడే థర్మాకోల్‌ని దేశమంతా నిషేధించారు. పెళ్లి పందిట్లో దాని బదులు జీలుగు మళ్లీ రావచ్చు. వస్తే కోసేవాళ్లు, అమ్మేవాళ్లు ఉంటారు, మనకీ నాలుగు కాడలు దొరుకుతాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేటనిషేధం, 61 రోజులు. మరపడవలు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకునే కాలం అది. బెండు కట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లు అప్పుడు వెళ్లండి. గుజరాత్‌కో చెన్నైకో పడవల మీద పనికి వెళ్లినవాళ్లలో కొందరు కూడా అప్పుడు ఇంటికొస్తారు. పెద్దవాళ్ల పక్కన కూర్చుంటే చేతులు చూసి నేర్చుకోవచ్చు. నోటితో అడిగితే మాత్రం "ఏటుంది బాబూ ఇందులో, కట్టీడమే" అంటారు.

ఇక నేను చాలిస్తాను. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక పెద్దాయన: "మాస్టారూ, మేం చిన్నప్పుడు వాలుగలకి బెండే కట్టీవోళ్లం కాదు. నూలు వేలికి చుట్టుకుని కూర్చునీవోళ్లం.")

నిజమేనండి. వాలుగ లాంటి పెద్ద చేప లాగితే బెండు చూడక్కర్లేదు, మనిషే కదులుతాడు. కొర్రమీనుకి కప్ప కట్టి పైపైన ఆడించినప్పుడూ బెండు అడ్డమే. నేను చెప్పిందంతా నోరు చిన్న చేపలకి, అనుమానం ఎక్కువున్న చేపలకి. మీ వేలు చాలా మంచి బెండు. అది అందరికీ రాదు.

(ఒక విద్యార్థిని: "సర్, సీసం ఎంత వెయ్యాలో ఏటి ఒడ్డున తేల్చుకోవాలా, ఇంట్లోనే కుదురుతుందా?")

ఇంట్లోనే చెయ్యమ్మా. లోతైన బకెట్టు కావాలి, బెండు పొడవు కంటే ఎక్కువ లోతు. ఎర బరువు కూడా లెక్కలోదే, కాబట్టి ముల్లుకి గోధుమపిండి ఉండ గుచ్చి చూడు. పెద్ద బరువు బెండుకి దగ్గరగా, చిన్న గుండు ఒకటి ముల్లుకి జానెడు పైన. ఆ చిన్నది తీసేస్తే బెండు కనపడేలా పైకి లేవాలి, పెడితే దిగాలి. అలా జరిగితే చేప ఎరని పైకి ఎత్తినా నీకు తెలుస్తుంది. కొన్ని చేపలు కిందికి లాగవు, ఎత్తుతాయి. బెండు మునగడం కోసమే చూసేవాడికి అది కనపడదు.

(వెనక నుంచి ఒక యువకుడు: "ఇవి చేసి ఆన్‌లైన్‌లో అమ్మొచ్చాండి?")

అమ్మొచ్చు బాబూ. నెమలి ఈకవి బయటి దేశాలకి పంపకూడదని చెప్పాను, అది గుర్తుంచుకో. జీలుగువి, రెల్లువి, బాతు ఈకవి అమ్ముకో. కానీ ముందు మీ ఊరి బందకి సరిపోయేది ఒకటి చేసి, దాంతో రోజూ గాలం వెయ్యి. పక్కన గాలం వేసేవాడు ఖాళీ సంచితో కూర్చుని నీ బెండుకేసే చూస్తుంటాడు. కాసేపటికి తనే అడుగుతాడు, "తమ్ముడూ, ఇలాటిది నాకోటి చేసెట్టవా?" అని. ధర అప్పుడు చెప్పు.